సుంకప్ప టువాలు వేసిన సీటు

సుంకప్పకు ఒకటే పిచ్చి. ఎక్కడ సీటు కనిపిస్తే అక్కడ టువాలు వేయాలి. వేసిన సీట్లో తాను మాత్రం కూర్చోకూడదు.

పెనుకొండ బస్టాండులో బొరుగులమ్మే సిద్దమ్మకు ఆ టువాలుతో ముప్పై ఏళ్ల పరిచయం, ఆ మనిషితో ముప్పై ఏళ్ల తగాదా. సుంకప్ప సంగతి ఎవరెత్తినా ఆమె మొదట హిందూపురం బస్టాండులో తాను కళ్లారా చూసిన పోట్లాట చెబుతుంది. చెప్పేటప్పుడు మూతి ఒక పక్కకు తిప్పుకుంటుంది, మెచ్చుకుంటున్నట్టు ఎవరైనా అనుకుంటారేమోనని.

ఆ రోజు ధర్మవరం బస్సు ఇంకా ఆగనే లేదు, టువాలు కిటికీలోంచి ఎగిరి ముగ్గురు కూర్చునే సీటు మీద వాలింది. సుంకప్ప జనంలో నలిగి వెనక తలుపు ఎక్కేలోపు ముందు తలుపు నుంచి నాగేంద్ర ఎక్కాడు. నాగేంద్ర పార్టీ మనిషి. ఏ పార్టీ అని అడగకూడదు, అడిగిన రోజును బట్టి ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా. టువాలును చచ్చిన ఎలుకను ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తి పక్కన పెట్టి కూర్చున్నాడు.

“లెయ్యప్పా, టువాలు ఉండాది,” అన్నాడు సుంకప్ప.

“బస్సు మీ నాయనదా?”

“కాదు, గవర్నమెంటుది.”

“గవర్నమెంటు మాది.”

“మంచిది. నీ భుజం మీద ఉండేది ఏంది?”

“కండువా. కనపళ్లేదా?”

“అది గుడ్డేనా, కాదా?”

నాగేంద్ర కండువా సర్దుకున్నాడు. బస్సులో ఉన్నవాళ్లంతా చెవులు అటే పెట్టారు.

“నీ గుడ్డ భుజం మీద ఉండాదని జనం లేచి నిలబడతాండారు. నా గుడ్డ సీటు మీద ఉండాది, నువ్వు లేచి నిలబడు. గుడ్డకు మర్యాద లేదంటావా, ముందు నీది తీసి కిటికీలోంచి పారెయ్. దాని వెనకే నాదీ పారేస్తా.”

మొదట నవ్వింది కండక్టరు. తర్వాత బస్సంతా నవ్వింది. నాగేంద్ర లేచాడు. సుంకప్ప కిటికీ పక్కన చంటిబిడ్డ తల్లిని కూర్చోబెట్టాడు, నడిమధ్య ఒక ముసలాయన్ని కూర్చోబెట్టాడు. అప్పుడు నాగేంద్ర వైపు తిరిగి, “నీకు ఆయాసం ఉన్నట్టుండాదే. మూడోది నీకే. అడిగి కూచో,” అన్నాడు.

అడగక తప్పలేదు. ఆయాసం నిజమే మరి.

“సిద్దక్కా, వెనక ఒకటి పట్టినా. పోయి కూచో,” అని టువాలును వెనక సీటు మీదికి విసిరి కేకేశాడు సుంకప్ప, బొరుగుల మూటతో నిలబడ్డ సిద్దమ్మను చూసి.

“నీ చెమట గుడ్డ మీద నేను కూచోవల్లనా? నా కాళ్లేమన్నా పడిపోయినాయా?” అంది సిద్దమ్మ. పెనుకొండ దాకా ఆమె నిలబడింది, ఆయనా నిలబడ్డాడు. మధ్యలో ఆ సీటు ఖాళీగా, టువాలుతో, దర్జాగా ప్రయాణం చేసింది.

సుంకప్ప పట్టునూలు దళారి. హిందూపురంలో నూలు చూస్తాడు, ధర్మవరం మగ్గాలవాళ్లకు ఇప్పిస్తాడు, కాబట్టి బతుకులో సగం బస్సులోనే గడిచింది. మనిషి పొడుగ్గా, ఎండిన కానుగ కొమ్మలా ఉంటాడు. బస్సులో పైన కమ్మీ పట్టుకోవడానికే దేవుడు ఆ చెయ్యి అంత పొడుగు చేశాడని సిద్దమ్మ అభిప్రాయం. టువాలు ఒకప్పుడు గళ్లదట. ఇప్పుడు ఏ రంగో చెప్పలేనంత వెలిసింది. అందుకే అది ఏ పార్టీ మీటింగులో అయినా చెల్లుతుంది.

ఒకసారి ఆయన గురి తప్పి ఆ టువాలు కదిరి బస్సులో పడింది. ఈయన ధర్మవరం బస్సెక్కి వెతుక్కుంటుంటే అది ఒంటరిగా కదిరికి పోయింది. దాని వెనకాలే ఇంకో బస్సులో పోయి చూస్తే, కదిరి బస్టాండులో ఖాళీ బస్సులో అదే సీటు మీద పరిచినట్టే ఉంది. దారిలో సంత జనం ఎక్కి ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ నిలబడి వచ్చారు గానీ దాన్ని ఎవరూ కదిలించలేదు. “అది పెనుకొండ సుంకప్పదంట గదప్పా, వానితో ఎవురు పెట్టుకుంటారు?” అన్నాడట కండక్టరు. జనం నిలబడి పోయారు, టువాలు కూర్చుని పోయింది. టిక్కెట్టు కూడా లేకుండా.

పెళ్లిళ్లలో ఇంకా ఘోరం. పెనుకొండలో ఒక కల్యాణమంటపంలో రెండో బంతికి ఆకులు వేయగానే ఒక వరస మొత్తం టువాలు పొడవునా సాగదీసి పరిచాడు. పెళ్లికొడుకు మేనమామ వచ్చి గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ వరసలో ఎవరు కూర్చున్నారయ్యా అంటే మేళగాళ్లు. పొద్దున్నుంచీ ఊది ఊది బుగ్గలు వాచిన మనుషులు, ఎప్పుడూ అందరి తర్వాత అడుగంటిన సాంబారు తినేవాళ్లు. మేనమామ ఆ రోజు అలిగాడు. మేళం మాత్రం మధ్యాహ్నం ఎంత బాగా మోగిందంటే, సిద్దమ్మే ఒప్పుకుంది.

“అయితే నువ్వెందుకు కూచోవప్పా?” అని అడగని మనిషి లేడు. ఒకరికి నడుము నొప్పి అని చెప్పాడు, ఒకరికి మొక్కు అని చెప్పాడు. సిద్దమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. “మంచితనం కాదే అది,” అని పక్కన అరటిపండ్లు అమ్మే ఖాదర్‌బీతో అనేది. “పెత్తనం. ఊరంతా కూచొని వాని మొగం పైకెత్తి చూడవల్ల. అదీ వాని సంబరం.”

ఇలా ఉండగా హిందూపురం ఎంపీ సీటు ఖాళీ అయింది.

ఉన్నాయనకు ఢిల్లీలో ఇంకా మెత్తని కుర్చీ ఏదో దొరికిందని, ఈ సీటుకు రాజీనామా ఇచ్చి లేచిపోయాడు. ఉప ఎన్నిక వస్తుందని టీ అంగడిలో పేపరు చదివి చెప్పారు. అందరూ ఎవరికి టిక్కెట్టు, ఏ కులానికి టిక్కెట్టు అని మాట్లాడుకుంటుంటే సుంకప్ప ఒకటే అడిగాడు.

“లేచిపోయేటోడు టువాలు వేసి పోలేదా?”

అది బస్టాండులో పది రోజులకు సరిపడా నవ్వు అయింది. తర్వాత ఎవరు ఎదురుపడినా, “ఏమప్పా సుంకప్పా, ఎంపీ సీటు మీద టువాలు వేస్తాండావా?” అనేవాళ్లు. “నా చెయ్యి అంత దూరం పోదు,” అనేవాడు ఆయన.

సిద్దమ్మకు ఆ నవ్వులు పట్టలేదు. ఆమెకు అంతకంటే పెద్ద దిగులుంది. కళ్లలో పొరలు కమ్మాయి. బొరుగుల్లో ఎర్రగడ్డ ఉల్లిముక్కలు వేశాననుకుని వేరుశనగ పొట్టు వేస్తోంది. మనుషుల్ని గొంతు పట్టి గుర్తిస్తోంది. గొంతెత్తని వాళ్లతోనే చిక్కు. ఒక సాయంత్రం ఎదురుగా వచ్చి నిలబడ్డ గిరాకీని, “ఎంతకు కావల్లప్పా? కారం వెయ్యల్లనా?” అని మర్యాదగా అడిగింది. ఆ గిరాకీ తల దించి పళ్లెంలో సగం బొరుగులు తినేసింది. అది ఆవు.

సుంకప్ప అది చూశాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే సిద్దమ్మకు బాగుండేది.

“సిద్దక్కా, ఆపరేషను చేయించుకో.”

“నీ పని నువ్వు చూసుకో.”

చేయించుకోకూడదని కాదు. ధర్మవరంలో కంటి డాక్టరు చూసి, ఆపరేషను చిన్నదే, కానీ నెలకు పైగా పొయ్యి దగ్గర, పొగలో, దుమ్ములో కూర్చోకూడదన్నాడు. కూతురు చౌడమ్మ కాపురం ధర్మవరంలోనే, వచ్చి ఉండమని ఏడుస్తోంది. కానీ పెనుకొండ బస్టాండులో నెల పాటు చోటు వదిలితే ఏమవుతుందో సిద్దమ్మకు తెలుసు. ఇదే బస్టాండులో శనక్కాయలమ్మే హనుమంతమ్మ తన కూతురి కాన్పుకని పోయి వచ్చేసరికి ఆమె చోట్లో చెరుకురసం బండి ఉంది. ఇప్పుడు హనుమంతమ్మ గేటు బయట ఎండలో, ఏ బస్సూ ఆగని చోట శనక్కాయలు పెట్టుకుని కూర్చుంటుంది. సిద్దమ్మది కృష్ణమూర్తి శెట్టి మూసేసిన అంగడి ముందరి రాతికట్ట. నీడ ఉంది, ఎదురుగా బస్సులాగుతాయి. ఆ కట్టను చూసి కన్నేసినవాళ్లు ఎందరో. కళ్లు కావాలంటే కట్ట పోతుంది, కట్ట కావాలంటే కళ్లు పోతాయి. రెండేళ్లుగా ఆమె కట్టనే పట్టుకుని కూర్చుంది.

“నేను టువాలు వేస్తా గదా. నువ్వు పో,” అన్నాడు సుంకప్ప.

“ఇది బస్సు సీటనుకున్నావా? నీ గుడ్డను చూసి ఈడ ఎవురు బెదురుతారు?”

“పోనీ ఎవురూ బెదరకపోతే, వచ్చినాక నన్ను తిట్టు. నీకు తిట్టేదానికి ఇంకోటి దొరుకుతాది.”

చివరికి చౌడమ్మే వచ్చి చెయ్యి పట్టి లాక్కుపోయింది. బస్సు కదులుతుంటే సిద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. పొగమంచులో చూసినట్టు ఒక పొడుగు ఆకారం తన కట్ట మీద ఏదో పరిచి, రెండు చేతులతో సాపు చేస్తూ కనిపించింది.

ధర్మవరంలో కంటికి కట్టు, చెవుల్లో మగ్గాల చప్పుడు. వీధిలో ఎన్నికల ఆటోలు. ప్రతి ఆటో అక్కా అనీ అమ్మా అనీ పిలుస్తుంది, ఒక్కటీ మంచినీళ్లు అడగదు. అట్లాంటి ఒక రోజు చౌడమ్మ నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, అమ్మా! మీ సుంకప్ప ఎంపీకి నిలబడినాడంట!”

“ఎవురే?”

“టువాలు సుంకప్ప! ఇండిపెండెంటు. టువాలు గుర్తు అడిగితే లేదన్నారంట. కుర్చీ గుర్తు ఇచ్చినారు.”

సిద్దమ్మ కట్టు కట్టిన కన్ను కూడా తెరవబోయింది. “జన్మలో కూచోనోనికి కుర్చీ గుర్తా! నా కట్ట మీద టువాలు వేస్తానని చెప్పి, తీసుకొని పోయి ఎంపీ సీటు మీద వేసినాడా! నిలబడినాడంటనా! వాడు నిలబడేది కొత్తనా? హిందూపురం నుంచి ధర్మవరం దాకా నిలబడతానే ఉండాడు గదా ముప్పై ఏండ్లుగా!”

ధర్మవరమంతా అదే వేళాకోళం. గెలిస్తే ఢిల్లీలో ఏం చేస్తావని ఎవరో అడిగితే సుంకప్ప అన్నాడట, “సీటు పట్టి పెడతా. కూచోవల్సినోడు ఎవురన్నా వస్తే ఇచ్చేస్తా. నిలబడేదానికి నాకేం కష్టం?” మగ్గాల దగ్గర ఆ మాట చెప్పుకుని చేతిలోని నూలు కండె జారవిడుచుకునేంత నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు. ఆమెకు కళ్ల ముందు ఆడేది ఒకటే, తన కట్ట మీద చెరుకురసం బండి.

తర్వాత నాగేంద్ర కూడా ఓట్లకని ఆ వీధికి వచ్చాడు. ఈసారి కండువా కొత్తది. సిద్దమ్మను గుర్తుపట్టి, “ఏమవ్వా, మీ క్యాండిడేటు ప్రచారమే చెయ్యలేదే. ఒక్క ఊరికి పోలేదు, ఒక్క ఓటు అడగలేదు. పొద్దస్తమానం ఆఫీసులో కూచోనుండాడు,” అన్నాడు.

“ఏమంటివి?”

“కూచోనుండాడు అంటి.”

“అబద్ధం. వాడు కూచోడు.”

“నా కండ్లతో చూసినానవ్వా. కాళ్లు ముడుచుకొని, కదలకుండా, దేవుడు కూచున్నట్టు కూచోనుండాడు.”

సిద్దమ్మ లోలోపల లెక్క వేసుకుంది. బస్సులో కూర్చోలేదు, పెళ్లిలో కూర్చోలేదు, తమ్ముడు చచ్చిపోయిన రోజు కూడా వచ్చినవాళ్లకు చాపలు పరిచి తాను నిలబడ్డాడు. అట్లాంటి మనిషిని కూర్చోబెట్టింది చూడు, పదవి ఆశ! “చౌడీ,” అంది కూతురితో, “సీటు మహిమ అంటే ఏందో అనుకొంటి. దాని పేరు చెప్తేనే మోకాళ్లు వంగిపోతాయి.”

ఓట్లయ్యాయి, లెక్కింపయింది. ఎవరు గెలిచారో పేపర్లో పడింది. సుంకప్ప డిపాజిట్టు పోయింది. ఎవరికీ వద్దని నొక్కే మీటకు ఆయన కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. డాక్టరు రెండో కంటి కట్టు కూడా విప్పి నల్లద్దాలు ఇచ్చి, ఇక పోవచ్చన్నాడు. సిద్దమ్మ ఆ పూటే పెనుకొండ బస్సెక్కింది. దారిపొడవునా తిట్లు పేర్చుకుంది. ముప్పై ఏళ్లలో వాడనివి కూడా కొన్ని బయటికి తీసింది.

బస్టాండులో దిగి చూసింది. చూపు ఎంత తేటగా ఉందంటే, అల్లంత దూరంలో బోర్డు మీది పెద్ద పెద్ద అక్షరాలు కూడబలుక్కోగలిగింది. తన కట్టకు పైన, శెట్టి అంగడి తలుపుకు అది కట్టి ఉంది. ‘సుంకప్ప ఎన్నికల కార్యాలయం.’ దాని కింద తన పొయ్యి, బోర్లించిన తన బాణలి, తన జల్లెడ. వాటి పక్కన, కట్ట మీద పరిచిన టువాలు. టువాలు మీద, కాళ్లు ముడుచుకుని, సుంకప్ప.

కూర్చుని ఉన్నాడు.

“ఏరా, ఓడిపోయినా లెయ్యబుద్ధి కాలేదా!” అని మొదలుపెట్టింది సిద్దమ్మ. “నా కట్ట నీ ఆఫీసా? నేను చావలేదురా, కంటి ఆపరేషనుకు పోయింటి! దొంగ—”

“నోరు మూయక్కా!” అంది ఖాదర్‌బీ, అరటిగెల వదిలేసి వచ్చి. ముప్పై ఏళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. “నీకు కండ్లొచ్చినాయి గానీ బుద్ధి రాలేదు. విను ముందు.”

సుంకప్ప, “ఎందుకులే ఖాదర్‌బీ,” అన్నాడు గానీ ఆమె ఆగలేదు.

“నువ్వు పోయిన మరుసటి రోజే నాగేంద్ర జెండాలేసుకొని వచ్చినాడు. శెట్టి అంగడి పార్టీ ఆఫీసుకు మాట్లాడినారంట. ఎన్నికలైనాక సెల్లుఫోన్ల అంగడి పెడతారంట. ఈ కట్ట పగలగొట్టి మెట్లు కడతారంట. సుంకప్ప టువాలు చూపించినాడు. నాగేంద్ర ఏమన్నాడో తెలుసునా? ‘ఈ తూరి నీ గుడ్డ పనిచెయ్యదప్పా. ఇది ఎలక్షను ఆఫీసు. నువ్వేమన్నా ఎలక్షన్లో ఉండావా?’ అన్నాడు.”

“అంటే?”

“అంటే ఏముండాది? ‘లేకుంటే ఉంటా,’ అని పుట్టపర్తికి పోయి నామినేషను వేసి వచ్చినాడు! పేరు ప్రతిపాదించేదానికి పది మంది కావల్లంటే, ఈయన ఇన్నాళ్లు సీటు పట్టిచ్చినోళ్లంతా బస్సు నిండా ఎక్కినారు. ఆ దినం బస్సులో వాళ్లు కూచున్నారు, ఈయన నిలబడినాడు. మొదటి సంతకం ఎవురిదనుకున్నావు? శెట్టిది!”

కృష్ణమూర్తి శెట్టి మోకాళ్ల నొప్పుల మనిషి. ప్రతి సోమవారం హిందూపురం పోతాడు, ప్రతి సోమవారం ఆయనకు కిటికీ పక్క సీటు సుంకప్ప టువాలు మీదే దొరుకుతుంది. పార్టీకి ఇచ్చిన మాట తప్పితే ఏమవుతుందో, సుంకప్పకు లేదంటే ఏమవుతుందో రెండూ బేరీజు వేసుకున్నాడు. ఎంపీలు వస్తారు, పోతారు. సోమవారం వారం వారం వస్తుంది. “అంగడిని ముందుగానే సుంకప్పకు ఇచ్చేస్తి,” అని నాగేంద్రకు చెప్పేశాడు. సెల్లుఫోన్ల వాడికీ అదే చెప్పాడు.

“మరి కూచునిందెందుకు?” అంది సిద్దమ్మ. గొంతు అప్పటికే సగం దిగింది.

“ఆఫీసులో క్యాండిడేటు లేకుంటే అది ఆఫీసెట్లవుతాది, మేం జెండా పాతుతాం అని కాచుకొని ఉండ్రి వాళ్లు. టువాలొక్కటే చాలలేదు. అందుకే మనిషి కూచున్నాడు. ఓట్లు అడిగేదానికి కూడా పోలేదు. ఆయన లేస్తే నీ కట్ట పోయేది.”

సిద్దమ్మ నల్లద్దాలు సరిచేసుకుంది. అవి సరిగానే ఉన్నాయి.

“నేనేమన్నా అడిగినానా నిన్ను?” అంది చివరికి.

“అడగలేదు. ముప్పై ఏండ్లుగా అడగలేదు,” అన్నాడు సుంకప్ప. “బస్సులో ఎట్లాగూ కూచోవు. ఈ ఒక్క సీటన్నా పట్టిస్తే కూచుంటావేమోనని.”

“ఎలక్షన్లో పరువు పోయె గదరా.”

“సీటు మిగిలింది గదా.”

“లెయ్, లెయ్! పొయ్యి ముట్టించల్ల. ఏందట్లా చూస్తావు, లెయ్!”

సుంకప్ప లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్లీ ప్రయత్నించాడు. నిలబడటం తప్ప తెలియని ఆ కాళ్లు నెల రోజుల కూర్చోవడానికి అలిగి, మొద్దుబారి, తమ సంగతే మర్చిపోయాయి. ఖాదర్‌బీ ఒక రెక్క పట్టుకుంది, సిద్దమ్మ ఒక రెక్క పట్టుకుంది. ఆయన్ని నిలబెట్టి, ఆయన లేచిన చోట సిద్దమ్మ కూర్చుంది. టువాలు తీయకుండానే కూర్చుంది. అది ఎవరూ పైకి అనలేదు, అంటే లేచేసేది.

అప్పుడే ధర్మవరం బస్సు హారన్ కొడుతూ లోపలికి తిరిగింది. జనం లేచారు. సుంకప్ప చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయింది, భుజం మీద ఏమీ లేదు. గోడకు ఆనుకుని, తిమ్మిరి కాళ్లు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ, కొంచెం సిగ్గుపడుతూ సిద్దమ్మ వైపు వంగాడు.

“సిద్దక్కా, కొంచెం లేచి ఆ టువాలు తీసుకొని ఉరుకు. ఢిల్లీ సీటు ఎట్లాగూ దొరకలేదు, ధర్మవరం సీటన్నా ఒకటి పట్టు. కొత్త కండ్లు గదా, గురి చూసి వెయ్. కిటికీ పక్కది. ఈ తూరి నాకే.”